డాక్సీసైక్లిన్ వాడుతుంటే గుండెల్లో మంట వస్తోంది. జ్వరం తగ్గింది కాబట్టి ఆపేయవచ్చా?

చిన్న పురుగు కాటుతో సోకే స్క్రబ్ టైఫస్ జ్వరానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మొదలుపెట్టిన రెండో రోజుకే జ్వరం దిగిందని, కానీ మందు పడినప్పుడల్లా గుండెల్లో మంటగా ఉంటోందని మీరు రాశారు. డాక్టరును అడగకుండా మాత్రం ఆపవద్దు. ఈ జబ్బులో సరైన మందు పడితే సాధారణంగా 48 గంటల్లోనే జ్వరం తగ్గుముఖం పడుతుంది. మందు పనిచేస్తోందనడానికి అది గుర్తే గాని, కోర్సు ముగిసిందనడానికి కాదు. ఇక మంట సంగతికి వస్తే, తప్పు మందుది కాదు, దాన్ని మింగే పద్ధతిదేనని నా గట్టి నమ్మకం.

శ్రీకాకుళం జిల్లాలో జీడితోట చూసుకునే మా మేనమామగారికి ఇదే జబ్బు వచ్చింది. చంకలో సిగరెట్టుతో కాల్చినట్టున్న నల్లటి పెచ్చును చూసి డాక్టరు జబ్బును పోల్చుకుని, 100 మిల్లీగ్రాముల క్యాప్సూల్ పూటకొకటి చొప్పున రోజుకు రెండు రాశారు. మామయ్య రాత్రి క్యాప్సూల్‌ను మంచం మీద కూర్చుని ఒక్క గుక్క నీటితో మింగి, వెంటనే నడుం వాల్చేవారు. ఒకనాటి తెల్లవారుజామున రొమ్ము ఎముక వెనుక భరించలేని నొప్పి మొదలై, ఉమ్మి మింగడం కూడా కష్టమైపోయేసరికి, గుండెపోటేనని హడలిపోయి ఆటోలో పట్టణానికి తీసుకువెళ్ళాం. ఈసీజీలో ఏ తేడా లేదు. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక మధ్యలో పుండు కనిపించింది. "క్యాప్సూల్ కడుపులోకి దిగలేదండీ, దారిలోనే అతుక్కుని కరిగిపోయింది" అన్నారు అక్కడి డాక్టరు. ఈ మందు కరిగినప్పుడు ఆమ్లగుణం కలిగి ఉంటుంది కాబట్టి, అంటుకున్న చోట పొరను కాల్చేస్తుంది. ఆయనకు మందును అజిత్రోమైసిన్ అనే మరో యాంటీబయోటిక్‌కు మార్చారు, పుండూ క్రమంగా మానింది.

అందుకే నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చుని లేదా నిలబడి మింగండి, ఆ తరువాత కనీసం అరగంట పడుకోకండి. రాత్రి మోతాదును నిద్రవేళకు కాకుండా భోజనంతోపాటు వేసుకుంటే కడుపులో వికారం కూడా తగ్గుతుంది. మంట తగ్గాలని మందుతోపాటే యాంటాసిడ్ తాగేవారు చాలామంది ఉన్నారు. దానిలోని అల్యూమినియం, మెగ్నీషియం ఈ మందును పట్టేసి ఒంటికి అందనివ్వవు, ఐరన్, కాల్షియం మాత్రలూ అంతే. అవి వాడుతుంటే ఎంత ఎడం పాటించాలో డాక్టరునే అడగండి. ఎండలోకి వెళ్తే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఈ మందు వాడేవారి చర్మం కొద్ది ఎండకే కమిలిపోతుంది.

నాకు అసలు బాధ కలిగించేది, ఇందులో ఒక్క ముక్కైనా మామయ్యకు ఎవరూ చెప్పకపోవడం. మందుల దుకాణంలో "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని చెప్పి, షీటును కత్తిరించి చేతిలో పెట్టారు. ఆ కత్తిరింపుతో, డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని హెచ్చరించే ఎర్రగీత, గడువు తేదీ రెండూ దుకాణంలోనే ఉండిపోయాయి. డాక్సీసైక్లిన్ కుటుంబానికే చెందిన టెట్రాసైక్లిన్ గడువు దాటి చెడిపోయి మూత్రపిండాలను దెబ్బతీసిన ఉదంతాలు 1960లలోనే నమోదయ్యాయి కాబట్టి, ఆ తేదీ చూసుకోవడం రోగి హక్కు. ఈ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించిన కాలంలో వెలువడి, 1948లో లోకానికి తెలిసింది. ఆ కుటుంబపు మందును ఎలా మింగాలో తెలుగులో రెండు వాక్యాలు రాసిచ్చేవారు మన ఊళ్ళలో కరువయ్యారు.

మింగుతుంటే నొప్పి పుడుతున్నా, పైన చెప్పినట్టు వేసుకున్నా మంట తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి, మందు మార్చవలసి రావచ్చు. ఒంటిమీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం, చూపు మసకబారడంతో కూడిన తీవ్రమైన తలనొప్పి, నెత్తురుతో విరేచనాలు, వీటిలో ఏది కనిపించినా తరువాతి మోతాదు వేసుకోకుండా, మిగిలిన షీటును వెంట తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.