రాత్రి పడవ వెనక లాగే ఎరలో ఏ రంగు లైటు పెట్టాలి?

ఆకుపచ్చ ఎల్‌ఈడీ పెట్టండి, ఎరుపు వద్దు. నీరు ఎరుపు కాంతిని అన్నిటికంటే ముందు పీల్చేసుకుంటుంది. కొన్ని మీటర్లు దాటేసరికి ఆ వెలుగు దాదాపు మాయం. నాచు కలిసిన నీటిలో ఆకుపచ్చే ఎక్కువ దూరం వెళ్తుంది. తేట సముద్రపు నీటిలోనైతే నీలం కూడా బాగానే పనిచేస్తుంది.

ఉదాహరణకు, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికే 5 మిల్లీమీటర్ల ఆకుపచ్చ ఎల్‌ఈడీ, 3 వోల్టుల బటన్ సెల్ ఉంటే చాలు. ఎల్‌ఈడీ పొడవు కాలు సెల్ ప్లస్ వైపు, పొట్టిది మైనస్ వైపు ఆనాలి. దాన్ని పారదర్శక ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి ఒక చివర ఎపాక్సీ జిగురుతో, రెండోది బిగుతైన రబ్బరు బిరడాతో మూయాలి. అసలు పనితనమంతా ఈ మూయడంలోనే ఉంది: ఉప్పునీరు కాస్త లోపలికి వెళ్లినా కాళ్లు తుప్పు పట్టి లైటు ఆరిపోతుంది.

లైటు ఎంత పెద్దదైతే చేపలు అంత వస్తాయని చాలామంది అనుకుంటారు. ఒకేచోట నిలిపిన దీపం చుట్టూ ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు), వాటికోసం చిన్న చేపలు, వాటి వెనక పెద్దవి చేరే మాట నిజమే. కానీ కదిలే పడవ వెనక అవి పోగయ్యేంత టైమ్ ఎక్కడిది? అక్కడ లైటు పని ఎర కనబడేలా చేయడం వరకే.