షాంఘైలో మ్యాచ్ చూసే చోటు వెతుక్కోవడం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

షాంఘైలో ఉద్యోగంలో చేరబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. ఇంటి అద్దె, పోలీసు స్టేషన్‌లో నివాస నమోదు, బ్యాంకు ఖాతా వంటివన్నీ మీ ఆఫీసువాళ్ళు దగ్గరుండి చూసుకుంటారు. క్రికెట్, ఫుట్‌బాల్ మ్యాచ్‌లను నలుగురితో కలిసి చూడటానికి మంచి బార్లు ఎలా దొరుకుతాయని నువ్వు నన్ను ప్రత్యేకంగా అడిగావు. ఇది చిన్న విషయమని నేను అనుకోను. దాదాపు రెండున్నర కోట్ల జనం ఉన్న నగరంలో భాష రాకుండా ఒంటరిగా దిగిన కుర్రవాడికి ఆఫీసులో కంటే తెర ముందే స్నేహాలు తొందరగా కుదురుతాయి. అక్కడ పనిచేసిన కాలంలో నాకు దొరికిన ఆప్తులలో చాలామందిని నేను అలాగే కలుసుకున్నాను.

నీకు పేర్ల జాబితా రాసి పంపాలని నాకు లేదు, ఎందుకంటే ఆ నగరంలో బార్ల ఆయుష్షు తక్కువ. యోంగ్‌కాంగ్ రోడ్డు అనే సన్నని వీధి ఒకప్పుడు బార్లతో కిటకిటలాడేది. పై అంతస్తుల్లో కాపురాలున్న స్థానికులు రాత్రిళ్ళ గోల భరించలేక ఏళ్ళ తరబడి ఫిర్యాదులు చేయగా 2016లో అధికారులు వాటిని మూయించారు, తర్వాత ఆ వీధి కాఫీ దుకాణాలకు పేరుపడింది. తావోజియాంగ్ రోడ్డులో తోట ఉన్న పాత బంగళాలో నడిచిన ఓమాలీస్ అనే ఐరిష్ పబ్బు ఒక తరం ఫుట్‌బాల్ అభిమానులకు సొంత ఇల్లులా ఉండేది, అదీ మిగలలేదు. అద్దె పెరిగినా, లీజు ముగిసినా, భవనాన్ని మరమ్మతుకు తీసుకున్నా, నిన్నటిదాకా జనంతో నిండిన చోటికి రేపు తాళం పడుతుంది. కనుక ఎవరో ఎప్పుడో రాసిన ఉత్తమ బార్ల జాబితాను పట్టుకుని బయలుదేరవద్దు. మంచి చోటును నీ అంతట నువ్వు గుర్తించే పద్ధతి తెలిస్తే ఎన్ని బార్లు మూతపడినా నీకు ఇబ్బంది ఉండదు.

ఆ పద్ధతిలో మొదటిది, బారు గురించి ఆలోచించే ముందు మ్యాచ్ గురించి, దాని సమయం గురించి ఆలోచించడం. చైనా అంతటా ఒకే గడియారం నడుస్తుంది. అది మన దేశం కంటే రెండున్నర గంటలు ముందు ఉంటుంది. ఐపీఎల్‌లో మధ్యాహ్నం మూడున్నరకు మొదలయ్యే మ్యాచ్ నీకు సాయంత్రం 6 గంటలకు వస్తుంది, ఆఫీసు లేని రోజున అంతకంటే హాయైనది ఉండదు. రాత్రి ఏడున్నర మ్యాచ్ మాత్రం నీకు 10 గంటలకు మొదలై, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర, రెండు గంటల దాకా సాగుతుంది. అప్పటికి మెట్రో ఉండదు. మన దేశంలో జరిగే టెస్టు మ్యాచ్ నీకు మధ్యాహ్నం 12 గంటలకు మొదలవుతుంది. పెర్త్‌లో జరిగే టెస్టు అయితే మరీ అనుకూలం, ఎందుకంటే పెర్త్‌కూ షాంఘైకీ గడియారం ఒకటే. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ విషయానికి వస్తే, అక్కడ శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆడే మ్యాచ్ నీకు వేసవిలో రాత్రి ఏడున్నరకు, అక్టోబరు చివరి నుంచి మార్చి చివరి దాకా ఎనిమిదిన్నరకు వస్తుంది. ఇంగ్లండ్‌లో గడియారం మారుతుంది, చైనాలో మారదు. ఈ ఒక్క గంట తేడా గుర్తులేక మొదటి అర్ధభాగం పోగొట్టుకునేవాళ్ళు ఏటా ఉంటారు. యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ రాత్రి మ్యాచ్‌లు తెల్లవారుజామున 3 లేదా 4 గంటలకు పడతాయి కనుక, చాలా పెద్ద మ్యాచ్‌కు తప్ప బార్లు తెరిచి ఉంచవు. వాటిని ఇంట్లోనే చూడు. అమెరికా ఆటలు నీకు ఉదయాన వస్తాయి. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ పొద్దున్నే సాగుతుంది, అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనలైన సూపర్ బౌల్ సోమవారం ఉదయం ఏడున్నరకు మొదలవుతుంది, దానికోసం కొన్ని బార్లు అల్పాహారంతో సహా తలుపులు తెరుస్తాయి. నెలకొకసారి నీకు ఇష్టమైన మ్యాచ్‌ల సమయాలను చైనా గడియారంలోకి మార్చి రాసి పెట్టుకుంటే, ఏ మ్యాచ్‌కు ఇంటి దగ్గరి బారు చాలు, దేనికి అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉండే చోటు కావాలో నీకే తేలిపోతుంది.

తర్వాత తెలుసుకోవలసింది ప్రసారం సంగతి. చైనాలో ప్రభుత్వ క్రీడా ఛానెల్ సీసీటీవీ-5 ప్రతి చోటా వస్తుంది. ఒలింపిక్స్, ప్రపంచకప్ ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్, టేబుల్ టెన్నిస్ అందులో చూడవచ్చు. ఎన్‌బీఏ టెన్సెంట్ అనే ఇంటర్నెట్ వేదిక మీద, ఫుట్‌బాల్ లీగులు మీగు వంటి చందా వేదికల మీద వస్తాయి, ఈ హక్కులు తరచుగా చేతులు మారుతుంటాయి. 2020లో ప్రీమియర్ లీగ్ తన చైనా ప్రసార ఒప్పందాన్ని మధ్యలోనే రద్దు చేసుకుని కొత్త భాగస్వామిని వెతుక్కున్న సంగతి ఫుట్‌బాల్ అభిమానులందరికీ గుర్తే. మనకు ప్రాణప్రదమైన క్రికెట్ అక్కడి ఛానెళ్ళలో మామూలుగా రాదు. కాబట్టి క్రికెట్ చూపిస్తామనే బారు విదేశీ ప్రసారం మీద ఆధారపడుతుంది, ఆ ప్రసారం ఆఖరి ఓవరులో గిర్రున తిరుగుతూ ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకే భారత్, పాకిస్తాన్ మ్యాచ్ వంటి పెద్ద రోజున ఒక బారుకు మొదటిసారి వెళ్ళవద్దు. అంతకు ముందు వారాల్లో ఏదైనా చిన్న మ్యాచ్‌కు వెళ్ళి, బొమ్మ నిలకడగా ఉందా, మాటకు బొమ్మ అందుతోందా, ప్రసారం ఎంత ఆలస్యంగా వస్తోందో చూడు. ఆలస్యం అర నిమిషం దాటితే, ఇంటి నుంచి ఎవరో పంపిన సందేశంలో వికెట్ పడిన సంగతి ముందే తెలిసి ఆట రుచి పోతుంది.

బార్లను వెతకడానికి డియాన్‌పింగ్ అనే యాప్ ఉంది, హోటళ్ళకూ దుకాణాలకూ అక్కడివాళ్ళు దాన్నే చూస్తారు. అందులో 'కాన్ ఛియు జియుబా', అంటే మ్యాచ్ చూసే బారు, అని చైనీస్ లిపిలో టైపు చేసి వెతుకు. ఆఫీసులో ఎవరినైనా అడిగితే ఆ అక్షరాలు నీ ఫోన్‌లోకి పంపిస్తారు. నక్షత్రాల సంఖ్యను చూసి మురిసిపోవద్దు. జనం పెట్టిన ఫొటోలను, వాటి తేదీలను చూడు: గత రెండు నెలల ఫొటోలలో తెరల మీద ఆట కనిపిస్తోందా, జెర్సీలు వేసుకున్నవాళ్ళు కూర్చున్నారా, లేక అందరూ కాక్‌టెయిల్ గ్లాసులకు మాత్రమే ఫొటోలు తీశారా? పది తెరలు పెట్టి అన్నిటి మీదా మాట లేకుండా బొమ్మ మాత్రం నడుపుతూ పైన డీజే పాటలు వేసే చోట్లు చాలా ఉన్నాయి. నా దృష్టిలో అవి ఆట చూసే చోట్లే కావు. వ్యాఖ్యానం వినిపించాలి, జనం ఊపిరి బిగబట్టిన క్షణం వినిపించాలి. అందుకని ఫోన్ చేసినా, స్వయంగా వెళ్ళినా నువ్వు అడగవలసిన మొదటి ప్రశ్న, ఆ మ్యాచ్‌కు సౌండు పెడతారా అని. ఒకే సమయంలో రెండు మ్యాచ్‌లుంటే పెద్ద తెర దేనికి ఇస్తారో కూడా అడుగు. పెద్ద రోజుల్లో బల్లకు కనీస ఖర్చు నిర్ణయిస్తారు, ముందస్తు సొమ్ము కట్టమంటారు, అది తప్పు కాదు, కానీ ఎంతో ముందే స్పష్టంగా తెలుసుకో.

ఇవన్నీ చూసినా, బారు మంచిచెడ్డలను చివరికి తేల్చేది అక్కడి మేనేజరే. మ్యాచ్ ఎప్పుడని నువ్వు అడిగితే ఫోన్ తీసి వెతుక్కునే మనిషికీ, సమయం చెప్పి, ఫలానా బౌలరు ఆడటం లేదట అని తనే మాట కలిపే మనిషికీ తేడా నీకు వెంటనే తెలుస్తుంది. రెండో రకం మనిషి వేరే బారుకు మారితే అతని వెంట నువ్వూ మారు. అటువంటి మనిషిని అక్కడివాళ్ళంతా వాడే మెసేజింగ్ యాప్ వీచాట్‌లో స్నేహితుడిగా చేర్చుకో. ఏ మ్యాచ్ చూపిస్తున్నారో, బల్ల ఉందో లేదో ఒక సందేశంతో తేలిపోతుంది. ఇంగ్లండ్ పెద్ద క్లబ్బుల అభిమానులకు షాంఘైలో సంఘాలున్నాయి, ఒక్కో సంఘం ఒక్కో బారును తనదిగా చేసుకుని అక్కడే కలుస్తుంది, వాళ్ళ వీచాట్ గుంపులో చేరితే సగం పని అయిపోయినట్టే. క్రికెట్‌కు మాత్రం బార్ల కంటే ముందు భారతీయ రెస్టారెంట్లను అడుగు. పెద్ద మ్యాచ్‌లకు తెర కట్టి, భోజనంతో కలిపి తలకింత అని తీసుకునే చోట్లు ఉంటాయి, అక్కడే మన తెలుగువాళ్ళూ కలుస్తారు. తాగడం ఇష్టం లేనివాడికి కూడా అక్కడ ఇబ్బంది ఉండదు.

అయితే విదేశీయుల బార్ల దగ్గరే ఆగిపోతే ఆ నగరం నీకు సగమే తెలుస్తుంది. సందు చివర సీసీటీవీ-5 పెట్టుకుని నడిచే చిన్న బార్లను, తిండి దుకాణాలను వదలవద్దు. వేసవి రాత్రుల్లో బయట బల్లలు వేసి, మిరపకాయల్లో వండిన ఎర్రని షియావొలాంగ్‌షియా పళ్ళేలు, చల్లని బీరు సీసాలు ముందు పెట్టుకుని జనం ఫుట్‌బాల్ చూస్తారు. మంచినీటి రొయ్య లాంటి ఆ చిన్న జీవిని చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని ఒలుచుకు తినాలి, గోదావరి జిల్లాల రొయ్యల రుచి ఎరిగిన నీకు అది తప్పక నచ్చుతుంది. స్థానిక ఫుట్‌బాల్ జట్ల గురించి కూడా కొంత తెలుసుకో: షెన్‌హువా జట్టుది నీలం, షాంఘై పోర్ట్‌ది ఎరుపు, ఆ రెండూ తలపడే రోజున ఎదుటి జట్టు రంగు చొక్కాతో పొరపాటున కూడా వెళ్ళవద్దు. ఇక బ్యాడ్మింటన్ ఉన్న రోజున నువ్వు పరాయివాడివి కావు. అక్కడి సామాన్య ప్రేక్షకుడికి ఆ ఆట లోతుగా తెలుసు, సింధునూ మన అమలాపురం సాత్విక్‌నూ గుర్తుపట్టేవాళ్ళు చాలామంది ఉంటారు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పురుషుల జట్టు ఫైనల్లో భారత్ 2-0తో ముందుండి చైనా చేతిలో 3-2తో ఓడింది, అదే క్రీడల్లో సాత్విక్, చిరాగ్ జోడీ డబుల్స్ బంగారు పతకం గెలిచింది. ఆ మాట ఎత్తితే చాలు, పక్క బల్ల మీదివాళ్ళు నీకు కుర్చీ జరుపుతారు. వాళ్ళు గ్లాసెత్తి 'గన్‌బే', అంటే గ్లాసు ఖాళీ చేద్దాం, అన్నప్పుడు పెద్దవాళ్ళ గ్లాసు కంటే నీ గ్లాసు అంచును కాస్త కిందికి పెట్టి తాకించు, అది అక్కడి మర్యాద. పూర్తిగా తాగలేకపోతే చెయ్యి గుండె మీద పెట్టుకుని తాగలేనని చెప్పు, ఎవరూ తప్పు పట్టరు.

డబ్బు, భద్రత గురించి కొద్దిగా చెప్పాలి. విదేశీయుల బార్లలో ఒక గ్లాసు బీరు 50 నుంచి 80 యువాన్ల దాకా ఉంటుంది, సాయంత్రం తొందరగా వెళ్తే ఒకటి కొంటే మరొకటి ఇచ్చే చోట్లు ఉన్నాయి. టిప్పు ఇచ్చే ఆచారం లేదు, చెల్లింపు దాదాపు అంతా ఫోన్‌లో వీచాట్ లేదా అలీపే యాప్ ద్వారానే. నాన్‌జింగ్ రోడ్డులోనూ పీపుల్స్ స్క్వేర్ దగ్గరా ఇంగ్లిష్ మాట్లాడాలని ఉంది అంటూ పరిచయం చేసుకుని, తమకు తెలిసిన బారుకో టీ దుకాణానికో రమ్మనే అపరిచితుల వెంట ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్ళవద్దు. బిల్లు వేల యువాన్లకు చేరి, కట్టే దాకా తలుపు దగ్గర మనుషులు నిలబడే మోసం అది. మెట్రో చాలా మార్గాల్లో రాత్రి పదిన్నర, పదకొండుకే ఆగుతుంది, శుక్ర, శనివారాల్లో కొన్ని మార్గాల్లో మరికొంత సేపు నడుస్తుంది. అందుకని రాత్రి మ్యాచ్‌లకు ఇంటి నుంచి దీదీ అనే యాప్‌లో పిలిచే టాక్సీలో పావుగంటలో చేరే బారునే ఎంచుకో. తాగి వాహనం నడపడం అక్కడ జైలుకు దారితీసే నేరం, అద్దె సైకిలు కూడా ఎక్కవద్దు. మూసిన గదుల్లో పొగ తాగడాన్ని 2017 మార్చి నుంచి నిషేధించారు కనుక, ఆ నియమం పాటించని చోట నీ ఊపిరితిత్తులను కష్టపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు.

నువ్వు దిగిన తర్వాత మొదటి శనివారం సాయంత్రం 5 గంటల ప్రాంతంలో, రద్దీ పెరగకముందే, చాంగ్‌షు రోడ్డు మెట్రో స్టేషన్‌లో దిగి జులు రోడ్డు వైపు నడువు. దారిలో తెరలు కనిపించిన ప్రతి చోటా లోపలికి వెళ్ళి, నేను పైన రాసిన ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకో. ఆ రాత్రి నీకు నచ్చిన చోట ఏ మ్యాచ్ వస్తే అది చూడు. ఆ జవాబులు నాకు పంపిస్తే, రాబోయే పెద్ద మ్యాచ్‌కు బల్ల ఎక్కడ చెప్పుకోవాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం.

ఇట్లు,
మీ మామయ్య