అలాస్కాకు పెద్దవాళ్లతో వెళ్లాలంటే పెద్ద ఓడా, చిన్న ఓడా?

జులైలో గుంటూరు నుంచి వస్తున్న మీ అమ్మానాన్నలను సియాటెల్ నుంచి అలాస్కా ఓడ ప్రయాణానికి తీసుకెళ్లాలని ఉందనీ, ఒక మిత్రుడేమో పెద్ద ఓడ అంటే నీళ్ల మీద తేలే షాపింగ్ మాల్ అని తీసిపారేశాడనీ, మరొకరు చిన్న ఓడలో వారమంతా కడుపులో తిప్పుతుందని భయపెట్టారనీ రాశారు. నేను రెండూ ఎక్కాను. 2022 ఆగస్టులో అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలతో కలిసి సుమారు 4,000 మంది పట్టే ఓడలో సియాటెల్ నుంచి ఏడు రాత్రుల ప్రయాణం చేశాం. 2024 జూన్‌లో నేనూ నా భార్యా మాత్రమే అలాస్కా రాజధాని జూనో నుంచి డెబ్బై మందికి మించని ఓడలో మరో ఏడు రాత్రులు తిరిగాం. మీ ఇంటికి పెద్ద ఓడే తగినదని నా అభిప్రాయం. అయితే మీ మిత్రులిద్దరూ చెప్పిన కారణాలు రెండూ సగం సగం నిజాలే. ఓడ ఎంత పెద్దది అన్నదాని కన్నా, ఓడలోంచి దిగడం ఎలా, దిగాక ఎంతసేపు, ఎవరితో కలిసి అన్నవే ఆ వారం రోజులు ఎలా గడుస్తాయో తేలుస్తాయి.

అన్నిటికన్నా ముందు వీసా సంగతి చెప్పాలి, ఎందుకంటే దానికి సమయం పడుతుంది. అమెరికాలో 1886 నాటి ప్రయాణికుల ఓడల చట్టం ఒకటి ఇప్పటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం విదేశీ జెండా కింద నమోదైన ఓడ అమెరికా రేవులో మనుషులను ఎక్కించుకుని, చుట్టూ తిరిగి మళ్లీ అదే రేవులో దింపాలంటే మధ్యలో ఒక విదేశీ రేవును తాకి తీరాలి. పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా వంటి దేశాల జెండాలతో నడుస్తాయి కనుక, సియాటెల్ నుంచి వెళ్లేవి సాధారణంగా చివరి సాయంత్రం కెనడాలోని విక్టోరియాలో కొన్ని గంటలు ఆగుతాయి. (2021లో కెనడా తన రేవులను మూసివేసినప్పుడు, ఈ ఒక్క ఆగడం కుదరక అలాస్కా సీజన్ మొత్తం ఆగిపోయే పరిస్థితి వస్తే, అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా తాత్కాలిక మినహాయింపు చట్టం చేయవలసి వచ్చింది.) భారత పాస్‌పోర్టు ఉన్నవారికి ఆ కొన్ని గంటల కోసం కెనడా వీసా కావాలి, గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రం అక్కర్లేదు. మాకు టికెట్లు కుదిర్చిన ఏజెంటు, ఓడ దిగకుండా కేబిన్‌లోనే కూర్చుంటే వీసాతో పని లేదని ధీమాగా చెప్పాడు. నాకెందుకో నమ్మకం కుదరక ఓడ కంపెనీవారి పత్రాలు చదివితే, వీసా లేనిదే సియాటెల్‌లోనే ఎక్కనివ్వమని స్పష్టంగా రాసి ఉంది. అప్పటికి ప్రయాణానికి రెండు నెలలు కూడా లేవు. వేలిముద్రలు ఇచ్చి, పాస్‌పోర్టులు పంపి, అవి తిరిగి చేతికి వచ్చేసరికి పదకొండు రోజులే మిగిలాయి. అమ్మ ఆ పదకొండు రోజులూ పాస్‌పోర్టులను దేవుడి గూట్లో పెట్టుకుంది. మీరు హెచ్ వన్ బి మీద ఉండి, పాస్‌పోర్టులోని అమెరికా వీసా గడువు దాటిపోయి ఉంటే, తిరిగి ప్రవేశించే నిబంధనలను మీ లాయరును అడిగి తేల్చుకోండి. చిన్న ఓడల్లో చాలావరకు అమెరికా జెండా కలిగినవి కనుక, జూనోలో ఎక్కి జూనోలోనో సిట్కాలోనో దిగేవాటికి ఈ కెనడా గొడవే లేదు. జూనోకు రోడ్డు మార్గం లేదు కాబట్టి సియాటెల్ నుంచి విమానంలో వెళ్లాలి, అంతే.

ఇక అసలు విషయం. రెండు ప్రయాణాల్లోనూ మేము ఎండికాట్ ఆర్మ్ అనే ఒకే ఇరుకైన సముద్రపు పాయలోకి వెళ్లడం కాకతాళీయమే అయినా, రెండు ఓడలనూ పోల్చుకోవడానికి నాకు అంతకన్నా మంచి ఆధారం దొరకదు. దాదాపు యాభై కిలోమీటర్ల పొడవున కొండల మధ్యకు చొచ్చుకుపోయిన ఆ పాయ చివర డాస్ గ్లేసియర్ అనే హిమానీనదం నేరుగా నీళ్లలోకి దిగుతుంది. 2022లో మేము పద్నాలుగో అంతస్తు రెయిలింగు దగ్గర, చేతుల్లో కాఫీ కప్పులతో, వందల మంది మధ్య నిలబడి చూశాం. నీటి మీద మంచుగడ్డలు చిక్కబడడంతో కెప్టెన్ ఇక ముందుకు వెళ్లలేమని ప్రకటించి, ఓడను ఉన్నచోటే నిదానంగా ఒక చుట్టు తిప్పాడు. మలుపు అవతల నీలిరంగు గీత లాంటిదేదో కనిపించింది. నాన్న కళ్లజోడు సరిచేసుకుని "అదేనా?" అన్నారు. అదే. మేము ఆ గీతను చూడడానికే అంత దూరం వచ్చామని ఆయనకు చెప్పడానికి నాకు కొంచెం మొహమాటం వేసింది.

2024లో అదే పాయలో చిన్న ఓడ కూడా మంచు దగ్గర ఆగిపోయింది, కానీ మమ్మల్ని పది మంది చొప్పున రబ్బరు పడవల్లోకి దింపి, ఆ గడ్డల మధ్యనుంచే మెల్లగా ముందుకు తీసుకెళ్లారు. ఒకచోట పడవ నడిపే అమ్మాయి ఇంజన్ ఆపి, మాట్లాడకండి, వినండి అంది. చుట్టూ నీళ్లంతా చిటపటలాడుతోంది. ఎన్నో ఏళ్లుగా మంచులో నలిగి బిగుసుకున్న గాలిబుడగలు ఆ గడ్డలు కరుగుతున్నప్పుడు పగిలే శబ్దం అది. నా భార్య నా చెవిలో "ఎవరో పోపు వేస్తున్నట్టు లేదూ, ఆవాలు పేలుతున్నాయి" అంది. గడ్డల మీద సీల్ తల్లులు పిల్లలను పక్కన వేసుకుని పడుకుని ఉన్నాయి. కాసేపటికి హిమానీనదం అంచు నుంచి ఇల్లంత ముక్క ఒకటి జారింది. జారడం కంటికి కనిపించాక ఒకటి రెండు క్షణాలు ఏమీ లేదు, ఆ తర్వాత ఉరుము. పెద్ద ఓడలో మేము చూసింది ఫొటో, ఇక్కడ చూసింది ప్రదేశం. ఈ తేడాను ఏ బాల్కనీ గదీ పూడ్చలేదని ఒప్పుకోవాలి. అంటార్కిటికాలో ఇదే తేడా నిబంధనగా మారింది: 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అక్కడ ఎవరినీ నేల మీద దింపదు, ఒకేసారి ఒక చోట 100 మందికి మించి దిగరు. ఈక్వడార్‌కు చెందిన గలాపగోస్ దీవుల్లోనైతే ఒక ఓడకు 100 మందే పరిమితి. అక్కడికి వెళ్లాలనుకునేవారికి మీ ప్రశ్నకు జవాబు వెతుక్కునే పనే లేదు.

అంత చెప్పి మీకు పెద్ద ఓడ ఎందుకు సూచిస్తున్నానంటే, ఆ రబ్బరు పడవలోకి మా నాన్న దిగగలిగేవారు కాదు. ఓడ వెనుక భాగంలో నీటి మట్టానికి ఉన్న చిన్న వేదిక మీదికి వచ్చి, సిబ్బందితో ముంజేతులు పట్టుకుని, ఊగుతున్న పడవ అంచు మీద ముందు కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పి, జరుగుతూ వెళ్లాలి. ఒడ్డు చేరాక రబ్బరు బూట్లతో పిక్కల లోతు నీళ్లలోకి దిగి, పాచి పట్టిన గుండ్రాళ్ల మీద నడవాలి. నాన్నకు అప్పటికే ఒక మోకీలు మార్పిడి అయింది. మేము ఎక్కిన చిన్న ఓడలో లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, డాక్టరు లేరు. పెద్ద ఓడలో డాక్టరు, నర్సులతో ఒక వైద్యశాలే ఉంది. చిన్న ఓడలో రోజంతా కార్యక్రమం బయటే: పొద్దున కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని పడవ), మధ్యాహ్నం అడవిలో నడక, మళ్లీ పడవ. వీటిలో పాల్గొనలేని మనిషికి మిగిలేది ఒక చిన్న హాలు, నాలుగు పుస్తకాలు, కిటికీ. మీ అమ్మానాన్నలను ఒక పని చేసి చూడమనండి: నేల మీద కూర్చుని, గోడనూ కుర్చీనీ పట్టుకోకుండా లేవగలరేమో. ఇద్దరూ సునాయాసంగా లేస్తే నా సలహాను మీరు మళ్లీ ఆలోచించుకోవచ్చు.

కడుపులో తిప్పడం గురించి మీ రెండో మిత్రుడు చెప్పింది అలాస్కాకు సరిగ్గా అతకదు. ఊగడం ఓడ పరిమాణం మీదే కాదు, అది తిరిగే నీళ్ల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. చిన్న ఓడ దీవుల చాటునే తిరుగుతుంది. వారం మొత్తంలో మాకు గ్లాసులోని నీళ్లు కదిలింది ఒక్క మధ్యాహ్నమే. సియాటెల్ నుంచి వెళ్లే పెద్ద ఓడ మాత్రం ఎక్కువగా కెనడా తీరంలోని వాంకూవర్ దీవికి పడమట, బహిరంగ పసిఫిక్ సముద్రంలోంచి వెళుతుంది. రెండో రోజు అమ్మ మంచం దిగలేదు. వాంకూవర్ నగరం నుంచి బయలుదేరే పెద్ద ఓడలు ఆ దీవికి, ప్రధాన భూభాగానికి మధ్యనున్న ప్రశాంతమైన దారిలో వెళతాయి. ఎలాగూ కెనడా వీసా తీసుకుంటున్నారు కాబట్టి, ఒక మూడు గంటలు కారులో వెళ్లి అక్కడ ఎక్కడం మేలని ఇప్పుడు అనిపిస్తోంది. మూడో రోజు ఓడ దీవుల మధ్యకు వచ్చాక అమ్మ శాలువా కప్పుకుని డెక్కు మీదికి వచ్చి, రెండు వైపులా కొండలు చూసి, "పాపికొండల్లాగే ఉంది, ఈ చలి తప్ప" అంది. రాజమండ్రి నుంచి లాంచీ ఎక్కిన మనిషి అంతకన్నా పెద్ద మెప్పు ఇవ్వదు.

ఊళ్ల విషయంలో పెద్ద ఓడ బలహీనత నిజంగా బయటపడుతుంది. ఓడలు ఆగే స్కాగ్వే అనే చిన్న ఊళ్లో స్థిరంగా ఉండేవారు సుమారు 1,200 మంది. నాలుగు పెద్ద ఓడలు ఒకే రోజు వస్తే పది వేల మందికి పైగా ఒక్క వీధిలోకి దిగుతారు. జూనో రద్దీ తట్టుకోలేక 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలకే పరిమితం చేసేలా కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. అందుచేత టికెట్టు కొనే ముందు, మీరు ఆగే రోజుల్లో ఆయా రేవుల్లో ఇంకా ఎన్ని ఓడలు ఉన్నాయో చూడండి. ఈ జాబితాలు ముందే ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. తిమింగలాలు చూడడానికి జూనోలో ఎక్కువ మందిని కుక్కే పడవ కాకుండా, పది పదిహేను మంది పట్టే పడవను విడిగా మాట్లాడుకోండి. దానికి నిటారు మెట్లు ఉండవు, లోపల వెచ్చని సీట్లు ఉంటాయి, మీ పెద్దవాళ్లు నీటి మట్టంలో కూర్చుని అలాస్కాను చూసే అవకాశం అదే. చట్టప్రకారం హంప్‌బ్యాక్ తిమింగలానికి వంద గజాల లోపలికి వెళ్లకూడదు, అయినా అది ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తుంది, గాలి ఇటు వీస్తే ఎండు చేపల సంచి విప్పినట్టు వాసన కూడా వస్తుంది. విడిగా మాట్లాడుకున్న పడవ ఆలస్యమైతే పెద్ద ఓడ మీకోసం ఆగదు కనుక, ఓడ బయలుదేరే వేళకు కనీసం రెండు గంటల ముందు ముగిసేది ఎంచుకోండి.

తిండి గురించి మీరు అడగలేదు కానీ, మీ అమ్మగారు తప్పక అడుగుతారు. పెద్ద ఓడలో మొదటి రాత్రే భోజనశాల పెద్దకు శాకాహారమని చెబితే, మర్నాటి నుంచి పప్పు, కూర, అన్నం వేడిగా తెచ్చి పెట్టారు. బఫేలో నాలుగు తెలుగు కుటుంబాలు కనిపించాయి. మా నాన్నకు తెనాలి ఆయన ఒకరు దొరికాక ఆ ఇద్దరికీ అలాస్కాతో పెద్దగా పని లేకపోయింది. చిన్న ఓడలో ఒకే వంటగది, పూటకు మూడే వంటకాలు, అందులో ఒకటి శాకాహారం. వంటమనిషి శ్రద్ధగానే చేసినా, ఐదో రోజుకు నా భార్య సంచిలోంచి కందిపొడి సీసా తీసి, ఉత్త అన్నం అడిగి తెప్పించుకుంది. ఇంట్లో వండిన పదార్థాలను చాలా ఓడల్లోకి అనుమతించరు, సీలు విప్పని కొనుగోలు పచ్చళ్లు, పొడులకు సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఖర్చులో పోలికే లేదు. పెద్ద ఓడలో కిటికీ లేని గదికి మాకు మనిషికి 1,000 డాలర్ల చుట్టూ పడింది. దాని మీద రోజువారీ టిప్పులు, ఇంటర్నెట్, ఊళ్లలో తిరిగే ఖర్చు కలిపితే దాదాపు రెట్టింపయింది. చిన్న ఓడకు మనిషికి 5,000 డాలర్లు దాటింది, అందులో కయాక్‌లు, నడకలు, గైడ్లు అన్నీ కలిసే ఉన్నాయి. పెద్దవాళ్లకు తీసుకున్న సందర్శకుల ఆరోగ్య బీమా సముద్రం మీద, కెనడాలో పనిచేస్తుందో లేదో, హెలికాప్టరులో తరలించే ఖర్చు అందులో ఉందో లేదో తప్పక చదవండి.

పెద్ద ఓడల్లో ఏది అంటే, గ్లేసియర్ బే జాతీయ ఉద్యానవనంలోకి వెళ్లేదాన్ని చూడండి. అక్కడికి రోజుకు రెండు పెద్ద ఓడలనే అనుమతిస్తారు, అన్ని కంపెనీలవారికీ ఆ అవకాశం ఉండదు. పార్కు రేంజర్లు ఓడ ఎక్కి, చూస్తున్నది ఏమిటో వివరిస్తారు. 1794లో జార్జ్ వాంకూవర్ అనే ఆంగ్ల నావికుడి బృందం వచ్చినప్పుడు ఆ అఖాతం దాదాపు మొత్తం మంచే. ఇప్పుడు అదే చోట ఓడ వంద కిలోమీటర్ల వరకు లోపలికి వెళుతుంది. ఎండికాట్ ఆర్మ్‌లా కాకుండా అక్కడ పెద్ద ఓడలు కూడా మార్జరీ గ్లేసియర్‌కు చాలా దగ్గరగా నిలుస్తాయని మా తర్వాతి ఏడాది వెళ్లిన మా బావగారు చెప్పారు. గది మాత్రం లిఫ్టుకు దగ్గరగా, ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి, ఊపు తక్కువ తెలుస్తుంది. కెనడా వీసా దరఖాస్తు మాత్రం టికెట్లు తీసుకున్న రోజే మొదలుపెట్టండి.