ముందు కొమ్మ కత్తిరించు, తర్వాత రాద్దువుగాని

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిలో పెన్సిల్ పట్టుకుని. ముందే ఒక మాట, నన్ను మేడమ్ అనడం మానెయ్, అక్కా అను చాలు. నువ్వు మేడమ్ అన్నప్పుడల్లా వెనకాల ఎవరైనా ఉన్నారా అని తిరిగి చూసుకుంటున్నాను.

తోటలోంచి పచ్చి కొమ్మలు తెచ్చి క్రిస్మస్ పండక్కి రీత్‌లు (తలుపుకో గోడకో తగిలించే గుండ్రటి కొమ్మల చుట్టలు), దండలు ఎలా కట్టుకోవాలో చెప్పే వ్యాసం అన్నావు. బాగుంది. మొదటి పేరాలో పచ్చదనం ప్రకృతి ఇచ్చిన వరం అన్నావు. రెండో పేరాలో రోమన్లు డిసెంబర్‌లో సాటర్నేలియా పండక్కి ఇళ్లని పచ్చని కొమ్మలతో అలంకరించేవాళ్లన్నావు. మూడో పేరాలో 1848లో లండన్ పత్రికలో అచ్చయిన బొమ్మ, విక్టోరియా రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ. అన్నీ నిజాలే, కాదనను. కానీ నాలుగో పేరా దాకా ఎవరి చేతిలోనూ ప్రూనర్, అదే కొమ్మలు కోసే కత్తెర, లేదు. నీ పాఠకురాలు అప్పటికే పొద ముందు నిలబడి ఉంది, ఒక చేతిలో ఫోన్, ఒక చేతిలో ప్రూనర్, ఎక్కడ కోస్తే చెట్టు పాడవకుండా ఉంటుందా అని చూస్తోంది. ఆవిడకి ఇప్పుడు రోమన్లతో ఏం పని?

ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నువ్వు ఒక్క రీత్ అయినా కట్టావా? కట్టలేదని నాకెక్కడ తెలిసిపోయిందో చెప్పనా? 'కొమ్మలను ఫ్రేముకు అందంగా అమర్చండి' అన్న వాక్యం దగ్గర. కట్టినవాళ్లకి ఆ వాక్యం చేతికి రాదు, ఎందుకంటే వాళ్లకి ఆ చోట గుర్తొచ్చేది అందం కాదు, జారిపోయే లోహపు తీగ. ఏం జరుగుతుందంటే, జానెడు కంటే కొంచెం పొట్టిగా, ఓ 15 సెంటీమీటర్ల రెమ్మలు నాలుగైదు కలిపి గుత్తిగా పట్టుకుంటావు, రింగులాంటి ఫ్రేము మీద పెట్టి కాడల దగ్గర సన్న తీగ రెండు మూడు చుట్లు బిగించి చుడతావు, తీగ మాత్రం తెంపవు, ఆ చుట్ట అలాగే వేలాడుతూ ఉంటుంది. రెండో గుత్తి తీసుకుని మొదటి గుత్తి కాడల్ని కప్పేలా దాని మీద పెట్టి మళ్లీ చుడతావు. అన్నీ ఒకే దిక్కుకి చూడాలి. ఇలా చుట్టూ తిరిగి వచ్చేసరికి చివరి గుత్తికి చోటుండదు, అప్పుడు మొదటి గుత్తి కొసల్ని వేళ్లతో పైకెత్తి దాని కిందకి ఈ కాడల్ని తోసి కట్టాలి. అందరూ తిట్టుకునేది ఈ చివరి గుత్తి దగ్గరే. నీ వ్యాసంలో దాని ఊసే లేదు. ఉండాల్సిందల్లా అదే.

కష్టమైన చోట ఎక్కువసేపు ఆగు, తేలికైన చోట ఒక్క వాక్యంతో దాటెయ్. నువ్వు దానికి సరిగ్గా తిరగేసి చేశావు. రిబ్బన్ ముడికి ఒక పేరా, కొమ్మ కోతకి ఒక వాక్యం! రిబ్బన్ ముడి వెయ్యడం ఎవరికి రాదు చెప్పు.

కోత గురించి నాకు తెలిసింది చెప్తాను, నువ్వు మీ తోటలో చేసి చూసి నీ మాటల్లో రాసుకో. నీ వ్యాసంలో ప్రతి చెట్టూ 'పైన్' అయిపోయింది. ఒక సూది ఆకు తెంపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించు. నాలుగు పలకలుగా ఉండి దొర్లితే అది స్ప్రూస్. చదునుగా ఉండి దొర్లకపోతే ఫర్ కావచ్చు. రెండో మూడో అయిదో సూదులు ఒకే మొదట్లోంచి గుత్తిగా వస్తే అప్పుడు పైన్. ఈ తేడా వృక్షశాస్త్రం పరీక్ష కోసం కాదు. స్ప్రూస్, హెమ్‌లాక్ కొమ్మలు ఇంట్లో వెచ్చదనానికి తొందరగా సూదులు రాల్చేస్తాయి, వాటి చోటు బయట తలుపు మీద. పైన్, ఫర్ లోపల కూడా కొన్నాళ్లు నిలుస్తాయి. అన్నిటినీ పైన్ అని రాశావనుకో, నిన్ను నమ్మి స్ప్రూస్ దండ సోఫా వెనక కట్టిన మనిషి వారం తిరక్కుండా చీపురు పట్టుకుని నీ పేరు తలుచుకుంటుంది.

తర్వాత, ఎక్కడ కొయ్యాలి. పక్కకొమ్మ చీలిన చోటికి కాస్త పైన, మోడు మిగల్చకుండా. పైన్, జునిపర్ లాంటివి ఆకు లేని ముదురు భాగంలోకి కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు, ఆ బోసితనం అలాగే ఉండిపోతుంది. యూ అనే సూదాకు చెట్టు మాత్రం ముదురు కాండం మీంచి కూడా చిగురిస్తుంది, అదో మొండిది. కాబట్టి పచ్చ ఉన్నంతవరకే కొయ్యాలి, అదీ వెనక వైపు నుంచి, కింది నుంచి, గుబురు లోపలి నుంచి, అక్కడో రెమ్మ ఇక్కడో రెమ్మ. ప్రతి కోతకీ రెండడుగులు వెనక్కి వచ్చి చెట్టుని చూడాలి. కొత్తగా నాటిన చిన్న మొక్కల జోలికి వెళ్లకూడదు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్లేటప్పుడు ప్రూనర్‌ని స్పిరిట్‌తో తుడవాలి, రోగం ఉంటే అది బ్లేడు మీదే ప్రయాణం చేస్తుంది.

కోసిన కొమ్మ ఇంకా నీరు వదులుతూనే ఉంటుంది, పైకి లాగడానికి వేరు మాత్రం లేదు. ఈ ఒక్క సంగతి పాఠకుడికి ఎక్కిస్తే మిగతా సలహాలన్నీ వాడే ఊహించుకుంటాడు: కోసిన వెంటనే బకెట్లో నీళ్లలో ఎందుకు పెట్టాలో, కట్టేముందు కాడ కొసని ఏటవాలుగా మళ్లీ ఎందుకు కొయ్యాలో, రాత్రంతా నీడలో చల్లగా ఎందుకుంచాలో, హీటరు పక్కన, ఎండ పడే కిటికీలో ఎందుకు పెట్టకూడదో. నువ్వేమో వీటిని ఎనిమిది చిట్కాలుగా నంబర్లు వేసి ఇచ్చావు. ఎనిమిది ఎవడికి గుర్తుంటాయి? కారణం ఒకటి చెప్పు చాలు. సూదులు కాకుండా మామూలు ఆకులుండే బాక్స్‌వుడ్, హోలీ పొదల్లాంటివాటిని మొత్తం ఆకులతో సహా నీళ్లలో కొన్ని గంటలు ముంచి తియ్యొచ్చని కూడా ఇక్కడే చేర్చుకో, తీశాక నీరు ఓడనిచ్చి కట్టాలి.

'చాలా రోజులు తాజాగా ఉంటుంది' అని రాశావు. చాలా అంటే? ఇంట్లో అయితే వారం నుంచి రెండు వారాలు, బయట చల్లటి నీడలో అంతకంటే ఎక్కువ. రాలే రోజు వస్తుందని చెప్పడానికి మొహమాటం ఎందుకు? కొమ్మ పట్టుకుని విదిలిస్తే సూదులు జలజలా రాలాయంటే దాని పని అయిపోయినట్టే, తీసేసి కంపోస్టులో వెయ్యాలి, తీగ విప్పేసి మరీ. ఆ ముక్కతో వ్యాసం ముగిస్తే ఎంత బాగుంటుందో చూడు, నువ్వేమో 'మీ ఇల్లు ఆనందాలతో నిండాలి' అని ముగించావు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకుంటాను, నీకు పనికొస్తుంది. చాలా ఏళ్ల కిందట ఇదే విషయం మీద రాస్తూ, ఆకుల్లో తేమ పోకుండా చల్లే స్ప్రే ఉంటుంది కదా, అది అన్ని కొమ్మలకీ చల్లుకోండి అని రాసేశాను. 'అన్ని' అన్న మాట ఎంత తేలిగ్గా పడిపోతుందో కలంలోంచి. నీలి స్ప్రూస్‌కి ఆ నీలం రంగు ఆకు మీది సన్నటి మైనపు పూత వల్ల వస్తుంది. జునిపర్ కాయలదీ అదే సంగతి. స్ప్రే తగిలితే ఆ పూత చెడిపోతుంది. నేను వాడింది పైన్ మీద, అది బాగానే ఉంది, ఆ ధైర్యంతో అన్నిటికీ చెప్పేశాను. ఒకావిడ ఫొటో పంపింది, నీలం పోయి మామూలు మురికి పచ్చగా మిగిలిన దండ, కింద ఒకటే వాక్యం: 'మీరు చెప్పినట్టే చేశాను.' తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అప్పట్నుంచి 'అన్ని', 'ఎప్పుడూ', 'ఏదైనా' అన్న మాటలు రాసినప్పుడల్లా ఆగి, నేను నిజంగా ఎన్నిటి మీద చేసి చూశాను అని లెక్క పెట్టుకుంటాను. నీ వ్యాసంలో ఈ మూడు మాటలూ కలిపి పదకొండు చోట్ల ఉన్నాయి. గీతలు పెట్టి పంపుతున్నాను.

అందులో ఒకటి ప్రమాదం కూడా. 'ఏడాదంతా పచ్చగా ఉండే ఏ మొక్కైనా పనికొస్తుంది' అన్నావు. గన్నేరు కూడా ఏడాదంతా పచ్చగానే ఉంటుందిరా నాయనా! దానిలో ప్రతి భాగమూ విషమే. యూ చెట్టు ఆకులూ గింజలూ విషం. హోలీ ఎర్ర కాయలు చూడ్డానికి ముద్దొస్తాయి, పాకే పిల్లల నోట్లోకీ పెంపుడు జంతువుల నోట్లోకీ పోకూడదు. ఇది చివర్లో 'జాగ్రత్తలు' అని పెట్టె కట్టి పారేసే విషయం కాదు, ఏ మొక్క కొయ్యాలో చెప్పే వాక్యంలోనే రావాలి, ఎందుకంటే చివరిదాకా చదవకుండానే సగంమంది తోటలోకి వెళ్లిపోతారు. కొవ్వొత్తుల సంగతీ అంతే. ఎండుతున్న కొమ్మలో జిగురుంటుంది, అంటుకుంటే ఆర్పే టైమివ్వదు. వేడెక్కని ఎల్ఈడీ లైట్లు చాలు.

హోలీ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆడ చెట్టుకే కాయలు కాస్తాయి, మగ చెట్టు ముందు నిలబడి ఎన్నాళ్లు ఎదురు చూసినా ఆకులే. ఇంకా, పండిన ఆపిల్ పళ్ల గిన్నె పక్కన హోలీ రెమ్మలు పెట్టకు. పళ్లు వదిలే ఎథిలీన్ వాయువుకి దాని ఆకులు రాలిపోతాయి. నువ్వు పంపిన ఫొటోలో రెండూ ఒకే పళ్లెంలో ఉన్నాయి. ఫొటోకి బాగుంది, నాలుగు రోజుల తర్వాత ఆ పళ్లెం ఫొటో కూడా తీసి పెట్టుకో.

చరిత్ర మొత్తం తీసెయ్యమనడం లేదు. దానికి చోటుంది. 1839లో హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే పాస్టర్, పేద పిల్లల కోసం నడిపిన ఇంట్లో, క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులుందో పిల్లలకి తెలియడానికి ఒక బండి చక్రం తీసుకుని దాని మీద కొవ్వొత్తులు పెట్టాడు, ఆదివారాలకి నాలుగు పెద్దవి, మిగతా రోజులకి చిన్నవి. పచ్చ కొమ్మలు చుట్టడం ఆ తర్వాత వచ్చిన ముచ్చట. దీన్ని ఎక్కడ పెడతావు? ఫ్రేము గురించి చెప్పే చోట. కొన్న ఫ్రేమే ఉండాలా అని పాఠకుడు సందేహపడుతున్న క్షణంలో బండి చక్రం కనిపిస్తే, వాడు లేచి అటక మీద పాత సైకిల్ రిమ్ము వెతుకుతాడు.

భాష గురించి ఎక్కువ చెప్పను. 'సతత హరిత వృక్ష శాఖలు' అని రాశావు. బడి పుస్తకం వాసన. 'ఏడాదంతా పచ్చగా ఉండే చెట్ల కొమ్మలు' అను, కొంచెం పొడుగైనా పరవాలేదు. రీత్‌ని 'హరిత వలయం' అనకు, ఎవరూ అనరు.

ఈ ఆదివారం ఫోన్ పక్కన పడేసి తోటలోకి వెళ్లు. ఒక బకెట్, ప్రూనర్, 22 గేజీ తీగ చుట్ట, ఏదో ఒక రింగు. మొదటిది వంకరగా వస్తుంది, నాది కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది. కట్టాక గోడకి తగిలించి రోజూ ఒక వాక్యం రాసుకో, ఏ రోజు వాసన తగ్గింది, ఏ రోజు రంగు వెలిసింది, ఏ రోజు మొదటి సూది నేల మీద కనిపించింది. ఆ తర్వాత పాత వ్యాసం వైపు చూడకుండా కొత్తగా రాసి పంపు. ఎంత పొడుగైనా చదువుతాను.

మీ అక్క

తా.క. కట్టడం అయ్యాక వేళ్లకి నల్లగా జిగురు అంటుకుంటుంది. నీళ్లతో కడిగితే పోదు, ఇంకా సాగుతుంది. వంట నూనె రెండు చుక్కలు వేసి బాగా రుద్ది, తర్వాత సబ్బుతో కడుక్కో. నీ వ్యాసంలో ఈ జిగురు ఎక్కడా లేదని మొదటి చదువులోనే చూశాను.