కంటిపాప చూసి ఆగిపోకండి

ప్రశ్న: పారామెడిక్ రెండో ఏడాది చదువుతున్నాను. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుమందు తాగినవాళ్లకు విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చాక కంటిపాపలు పెద్దవైతే మందు సరిపోయినట్టేనా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కాదమ్మా. స్టెతస్కోప్ పెట్టి ఛాతీ వినండి. గురగుర ఆగాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80 పైన నిలవాలి. మన దగ్గర మందు వచ్చే చిన్న గాజు సీసా, అంటే ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే. పెద్దవాళ్లకు మొదటి డోసుకే మూడు నుంచి ఐదు ఆంప్యూళ్లు పట్టొచ్చు, తగ్గకపోతే ఐదు నిమిషాలకోసారి రెట్టింపు. అదంతా డాక్టరు చెప్పిన మీదటే.

అయితే సిరంజి కంటే ముందు సక్షన్ (నోట్లోని నురగను లాగేసే పరికరం) అందుకోండి. అంబులెన్సులో నా మొదటి ఏడాది, పత్తిచేలో పడిపోయిన రైతును ఎక్కించాం. నోటినిండా తెల్లటి నురగ, వెల్లుల్లి లాంటి ఘాటు. నేను ఆంప్యూల్ విరగ్గొట్టే టెన్షన్‌లో ఉంటే, మా సీనియర్ ఆయన్ని ఎడమవైపు ఒత్తిగిల్లజేసి నురగంతా లాగేశారు. పెదాల నీలం అప్పుడు తగ్గడం మొదలైంది. నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. సక్షన్ ఒక్కోసారికి 15 సెకన్లు మించొద్దు.

అట్రోపిన్ నురగను ఆరబెడుతుంది గానీ కండరాల నీరసాన్ని తీర్చదు. మనిషి తల ఎత్తలేకపోతుంటే ఊపిరీ ఆగబోతోందేమో అని అనుమానించి, ఊపిరి అందించే బ్యాగ్-మాస్క్ చేతికందేలా పెట్టుకోండి. గ్లవ్స్ వేసుకుని, మందుతో తడిసిన బట్టలు తీసేయండి.