ఛానెల్‌కు ఇచ్చే ఫైలుకు ఏ కన్వర్టర్ మేలు?

గుంటూరులో మీరు ఎడిట్ చేసిన అరగంట కార్యక్రమాన్ని ఛానెల్ వారు రెండుసార్లు తిప్పి పంపారనీ, ఇప్పుడు ఏ కన్వర్షన్ సాఫ్ట్‌వేర్ కొనాలనీ అడిగారు. విజయవాడ గవర్నర్‌పేటలో నాదీ ఇదే పని. డబ్బు పెట్టే ముందు ఆ ఛానెల్ వారి టెక్నికల్ షీటు (ఫైలు ఏ రూపంలో ఉండాలో చెప్పే కాగితం) తెప్పించుకోండి. నా చేతికి వచ్చిన షీట్లలో ఎక్కువగా కనిపించింది 1080ఐ, సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 ఫీల్డులు (ఒక్కో ఫ్రేములోని బేసి గీతలు ఒక ఫీల్డు, సరి గీతలు మరొకటి), ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ422 కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), సెకనుకు 50 మెగాబిట్లు, ఎంఎక్స్‌ఎఫ్ ఫైలు, 48 కిలోహెర్ట్జ్ ఆడియో.

నేనూ మొదట హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4 చేసి ఇచ్చి భంగపడ్డాను. అది మంచి సాఫ్ట్‌వేరే, కానీ ఎంఎక్స్‌ఎఫ్ ఇవ్వదు. రెండోసారి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంఎక్స్‌ఎఫ్ చేశాను. నా మానిటర్‌పై అంతా సవ్యంగానే ఉంది. ఛానెల్‌లో వేసి చూస్తే భవానీ ద్వీపానికి వెళ్లే పడవ అడుగు ముందుకు, అడుగు వెనక్కి అన్నట్టు వణుకుతోంది. అంతకు ముందు వారం పాత పెళ్లిళ్ల డీవీ క్యాసెట్లు మార్చడానికి పెట్టుకున్న సెట్టింగు అలాగే ఉండిపోవడమే కారణం. పాల్ డీవీలో, అంటే మన పాత టీవీ పద్ధతి డీవీ క్యాసెట్లలో, కింది ఫీల్డు ముందు వస్తుంది, 1080ఐలో పై ఫీల్డు ముందు రావాలి. ఆ వరుస తప్పితే తరువాతి క్షణం ముందుగా కనబడి కదలిక తడబడుతుంది. తప్పు నాదే గనుక ఛానెల్ వారిని ఏమీ అనలేకపోయాను.

ఇప్పుడు నేను వాడేది షట్టర్ ఎన్‌కోడర్. లోపల నడిచేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్గే, ఉచితం, ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ422 జాబితాలోనే ఉంటుంది. మీరు ఇప్పటికే ప్రీమియర్‌కు చందా కడుతుంటే దానితో వచ్చే మీడియా ఎన్‌కోడర్ చాలు. వాంటేజ్ వంటి సర్వర్ సాఫ్ట్‌వేర్ రోజూ వందల ఫైళ్లు నడిపే సంస్థలకే గిట్టుబాటు.

ఫోన్‌తో తీసిన షాట్లు కలిపారా? వాటిలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. పావుగంట గడిచేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పవచ్చు. వాటిని ఎడిట్‌కు ముందే స్థిరమైన 25 ఫ్రేములకు మార్చుకోండి.

ఫైలు తయారయ్యాక ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిచి స్కాన్ ఆర్డర్ (ఫీల్డుల వరుస) ‘టాప్ ఫీల్డ్ ఫస్ట్’ అని ఉందో లేదో చూడండి. తెరపై అడ్డంగా కదిలే అక్షరాలతో ఒక నిమిషం క్లిప్పు ముందుగా ఛానెల్‌కు పంపి చూపించుకోండి. అరగంట ఫైలు పదకొండు జీబీ దాటుతుంది, పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి పట్టుకెళ్లండి.