డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ రాగి రేకులపై గీసిన బొమ్మల అచ్చులకు, అంటే ప్రింట్లకు, వేసే కేటలాగుల్లో ‘బజాన్ ముద్రణ’ అని రాస్తారు. ఎవరీ బజాన్? అది నకిలీయా?

నకిలీ కాదు. పియేర్ ఫ్రాన్స్వా బజాన్ (1723–1797) పారిస్ చెక్కుడు కళాకారుడు. ఉలి కన్నా వ్యాపారంలోనే ఆయన చెయ్యి బాగా తిరిగింది. ఎన్నో ప్రింట్ల కింద ఆయన పేరు కనిపిస్తుంది గానీ, పక్కన ‘ఎక్స్‌కుడిట్’ ఉంటే ప్రచురించాడని అర్థం. ‘స్కల్ప్‌సిట్’ ఉంటేనే చెక్కాడని. ఈ తేడా గమనించక చాలామంది పొరబడతారు. 1767లో చెక్కుడు కళాకారుల నిఘంటువు తెచ్చాడు. ప్రసిద్ధ కళా సేకర్త మారియెట్ సేకరణ వేలం (1775–76) నడిపిందీ ఆయనే.

1786లో వాటెలే అనే సేకర్త మరణించాక, ఆయన దగ్గరున్న రెంబ్రాంట్ రాగి రేకులు బజాన్ చేతికొచ్చాయి, ఎనభైకి పైగా. వాటితో మళ్లీ ముద్రించి సంపుటంగా అమ్మాడు. చిక్కు ఇక్కడే. డ్రైపాయింట్ పద్ధతిలో సూదితో రేకుపై నేరుగా గీసినప్పుడు గీత పక్కన గరుకు అంచు లేస్తుంది. సిరా పట్టుకుని మఖమల్ లాంటి నలుపునిచ్చేది అదే. ప్రెస్ ఒత్తిడికి కొన్ని పదుల ముద్రణల్లోనే అది అణిగిపోతుంది. తర్వాత ఎచింగ్ గీతలూ (ఆమ్లంతో రేకులోకి దించినవి) పలచబడతాయి. అప్పుడు రేకును తిరిగి గీస్తారు. నీడలు మొద్దుబారి, ముఖాలు బిగుసుకుంటాయి.

కొనేముందు ముందుగా నీడలున్న చోట భూతద్దం పెట్టండి, తర్వాత కాగితాన్ని వెలుతురుకు పట్టి వాటర్‌మార్క్ (కాగితం తయారీలో పడే గుర్తు) చూడండి. రేకు అసలుదే అయినా, రెంబ్రాంట్ బతికుండగా తీసిన ముద్రణ ధర బజాన్ ముద్రణకు పెట్టకూడదు.